డిక్కీలో జనరేటర్ పెట్టుకోమనే ఆ మెసేజ్ ఇక ఆపండి

ఒకే మెసేజ్ క్లాస్‌మేట్ల గ్రూపులో వచ్చింది, బంధువుల గ్రూపులో వచ్చింది, చివరికి మా వీధి వినాయక చవితి కమిటీ గ్రూపులోనూ వచ్చింది. పంపినవాళ్ళలో ఇంజనీరింగ్ చదివినవాళ్ళూ ఉన్నారు. వద్దని ఒక గ్రూపులో చెబితే సాయంత్రానికి ఇంకో గ్రూపులో కనిపిస్తోంది. అందుకే మొత్తం ఒక్కచోటే రాస్తున్నాను.

చూడనివాళ్ళ కోసం అందులో ఏముందో క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో ఛార్జింగే అక్కర్లేని కరెంటు ట్రక్కులు, జీపులు వచ్చాయట. లోపలే పెట్రోలు జనరేటర్ ఉంటుంది కాబట్టి తన కరెంటు తానే తయారు చేసుకుంటూ 1,100 కిలోమీటర్లు పోతుందట, పెట్రోలు ఖర్చు నామమాత్రమట. ఈ టెక్నాలజీని కంపెనీలు ఇన్నాళ్ళూ దాచిపెట్టాయట. ఉత్త బ్యాటరీ బండ్లు ఫెయిలయ్యాయట. మన దేశానికి వస్తే 5 శాతం జీఎస్టీయేనట. అంతదాకా ఆగలేనివాళ్ళు తమ ఎలక్ట్రిక్ కారు డిక్కీలో చిన్న పోర్టబుల్ జనరేటర్ పెట్టుకుని దారిలోనే ఛార్జ్ చేసుకోవచ్చట. ఛార్జర్‌లో ఎర్త్ లేదని చెప్పే ఎర్రలైటు వెలిగితే న్యూట్రల్‌నూ (కరెంటు తిరిగిపోయే వైరు) ఎర్త్‌నూ ఒక వైరు ముక్కతో కలిపేయాలట.

నేను అనంతపురంలో మోటార్లు, జనరేటర్లు బాగుచేసి బతికేవాణ్ణి. ఆ చివరి రెండు సలహాలు లేకపోతే మిగతాదంతా చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ణి.

దాచిపెట్టారన్న మాట ముందు తేల్చేస్తాను. ఇంజనుతో జనరేటర్ తిప్పి, ఆ కరెంటుతో చక్రాల మోటార్లు నడిపే బండిని ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే తయారు చేశాడు. మన గుత్తి లోకో షెడ్‌లో పనిచేసిన ఏ రిటైర్డ్ ఫిట్టర్‌నైనా అడగండి. 1962 నుంచి మన పట్టాల మీద తిరిగిన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు పనిచేసింది ఇలాగే. వాటికి రైలును లాగేంత బ్యాటరీ లేదు, అంతే తేడా. కార్లలో చూస్తే 2010లో షెవర్లే వోల్ట్, 2013లో బీఎండబ్ల్యూ ఐ3, 2019లో చైనా కంపెనీ లీ ఆటో కారు వచ్చాయి. షోరూముల్లో పెట్టి అమ్మినదాన్ని దాచడమని ఎలా అంటారు?

జీఎస్టీ సంగతి ఒక్క వాక్యంలో: 5 శాతం పన్ను బ్యాటరీ కరెంటుతో మాత్రమే నడిచే బండ్లకు, పెట్రోలు ఇంజను మోసుకుతిరిగే పెద్ద బండికి కాదు.

ఇక 1,100 కిలోమీటర్లు. ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అమెరికా ట్రక్కుల కంపెనీ రామ్ తన 1500 ట్రక్కుకు ప్రకటించిన 690 మైళ్ళ లెక్క ఇది. అదే ప్రకటనలో మిగతా అంకెలూ ఉన్నాయి, మెసేజ్ రాసినాయన వాటిని వదిలేశాడు. అందులో 92 యూనిట్ల బ్యాటరీ ఉంటుంది. దాంతో పోయేది 145 మైళ్ళు, అంటే సుమారు 230 కిలోమీటర్లు. మిగిలిన 870 పైచిలుకు కిలోమీటర్లు పెట్రోలుతోనే పోవాలి. ట్యాంకు 27 గ్యాలన్లు, మన లెక్కలో 102 లీటర్లు. భాగించి చూసుకోండి, లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు వస్తుంది. లోపల ఉన్నది 3.6 లీటర్ల వీ6 ఇంజను, అంటే ఆరు సిలిండర్లది. లీటరు వంద దాటిన మన ఊరి ధరకు ఆ ట్యాంకు నింపితే పదివేలు దాటుతుంది. నామమాత్రపు ఖర్చు అంటే ఇదేనా?

చక్రాలను తిప్పేది మోటారే కాబట్టి పెట్రోలు ఖర్చవదు అని ఒకతను నాతో వాదించాడు కూడా. ఆ మోటారుకు కరెంటు ఎక్కడినుంచి వస్తోంది? ఒక లీటరు పెట్రోలును మంచి ఇంజనులో కాలిస్తే చేతికొచ్చేది మహా అయితే మూడు యూనిట్ల కరెంటు. మిగిలిన శక్తి రేడియేటర్ నుంచి, సైలెన్సర్ నుంచి వేడిగా పోతుంది. ఛార్జింగ్ అక్కర్లేదన్న మాట కూడా అందుకే తలకిందులు. ఇలాంటి బండితో లాభపడేది రోజూ ఇంట్లో ఛార్జ్ చేసుకునేవాడు. వారమంతా ఊళ్ళో పనులు బ్యాటరీతో అయిపోతాయి, దూరం పోయినరోజే జనరేటర్ మోగుతుంది. అసలు ఛార్జే చేయనంటే మామూలు పెట్రోలు బండి కొనుక్కోవడం మేలు.

బ్యాటరీ బండ్లు ఫెయిలయ్యాయన్న మాట దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. కార్ల విషయంలో అది తప్పు. నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట తొమ్మిది దాకా పూర్తి బ్యాటరీవే. కానీ బరువు లాగే ట్రక్కుల విషయంలో మెసేజ్ చెప్పినదాంట్లో నిజం ఉంది. నాకూ కరెంటు బండ్లంటే ఇష్టమే, అయినా ఉన్నమాట ఒప్పుకోవాలి. ఫోర్డ్ 2022లో తెచ్చిన ఎఫ్-150 లైట్నింగ్ బ్యాటరీ ట్రక్కును ఆపేసి, తర్వాతి మోడల్‌ను జనరేటర్‌తో తెస్తానని 2025 డిసెంబరులో ప్రకటించింది. రామ్ అంతకు మూడు నెలల ముందే పూర్తి బ్యాటరీ ట్రక్కు ఆలోచన మానుకుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు స్కౌట్ పేరుతో 2024 అక్టోబరులో చూపించిన జీపుకూ, ట్రక్కుకూ ముందస్తు బుకింగ్‌లు చేసుకున్నవాళ్ళలో ఎక్కువమంది జనరేటర్ ఉన్నదే కోరుకున్నారు.

కారణం తెలిసిందే. వెనక బరువైన ట్రాలీ తగిలిస్తే బ్యాటరీ మీద పోయే దూరం సుమారు సగానికి పడిపోతుంది. దాన్ని పెంచడానికి బ్యాటరీ పెంచితే బండి బరువు పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. రామ్ మొదట అనుకున్న పెద్ద బ్యాటరీ 229 యూనిట్లు. జనరేటర్ పెట్టడం వల్ల 92తో సరిపెట్టగలుగుతోంది. మన దగ్గర చీనీకాయల లోడుతో ఢిల్లీ పోయే లారీని తలచుకోండి. దారిలో గంటల తరబడి ఛార్జింగ్‌కు నిలబెడితే కాయ మెత్తబడుతుంది, ఎంత పెద్ద బ్యాటరీ పెడితే అంత సరుకు తగ్గుతుంది. అలాంటి లారీకి కంపెనీలోనే బిగించిన జనరేటర్ వస్తే రైతుకూ డ్రైవరుకూ మేలే. నలభైనాలుగో నంబరు హైవే దిగి కళ్యాణదుర్గం, రాయదుర్గం, మడకశిర వైపు తిరిగితే ఛార్జర్ దొరుకుతుందో లేదో అన్న టెన్షన్ కూడా నిజమే. ఆ టెన్షన్ వల్లే ఈ మెసేజ్ ఇంతమందికి నచ్చింది.

కంపెనీ బండికీ హద్దులున్నాయి. రామ్ జనరేటర్ ఇచ్చేది గరిష్ఠంగా 130 కిలోవాట్లు. మోటార్లు పూర్తి బలంతో లాగితే కావలసింది దానికి మూడు రెట్ల పైనే, ఆ తేడా బ్యాటరీ పూడ్చాలి. బ్యాటరీ అడుగంటాక గువ్వలచెరువు ఘాట్ లాంటి ఎత్తు నిండు లోడుతో ఎక్కాల్సి వస్తే జనరేటర్ ఇచ్చినంతతోనే ఎక్కాలి. ఐ3లో ఉన్నది 647 సీసీ చిన్న ఇంజను, ఎత్తుల్లో బండి వేగం పడిపోతోందని దాని యజమానులు గట్టిగానే గొడవ చేశారు. వోల్ట్‌లో అయితే కొండ రాకముందే బ్యాటరీలో కొంత కరెంటు దాచిపెట్టే మౌంటెన్ మోడ్ ఇచ్చారు. ఇంత లెక్క చూసి కట్టిన బండ్లవి. డిక్కీలో జనరేటర్ పడేసుకోమన్నవాడు ఇందులో ఏ లెక్క చూశాడు?

లెక్కే చూద్దాం. డిక్కీలో పట్టే జనరేటర్ రెండు కిలోవాట్ల లోపుది. గంటకు లీటరు పైన పెట్రోలు తాగి, పోయేది పోగా కారు బ్యాటరీలోకి ఒకటిన్నర యూనిట్ పంపిస్తుంది. దాంతో కారు నడిచేది పది కిలోమీటర్లు. హైవే మీద ఎనభై స్పీడులో మామూలు ఎలక్ట్రిక్ కారు గంటకు పన్నెండు యూనిట్ల దాకా వాడుతుంది. ఇటు ఒకటిన్నర వస్తుంటే అటు పన్నెండు పోతుంది. బెంగళూరు మనకు 210 కిలోమీటర్ల పైమాటే. పైగా ఛార్జింగ్ గన్ గుచ్చి ఉంటే కారు గేరులోనే పడదు. అంటే "దారిలోనే ఛార్జ్" అన్న మాట అక్కడే అబద్ధమైపోయింది. రాసినాయన ఎలక్ట్రిక్ కారు స్టీరింగ్ ఒక్కసారైనా పట్టుకున్నాడా?

నా భయం ఆ తర్వాత జరిగేదాని గురించి. కారు కదలదని తెలిశాక ఏం చేస్తారు? రోడ్డు పక్కన ఆపి, డిక్కీ కాస్త తెరిచి, జనరేటర్ ఆన్ చేసి, బయట నలభై రెండు డిగ్రీల ఎండ కాబట్టి అద్దాలు ఎక్కించి ఏసీ వేసుకుని లోపలే కూర్చుంటారు. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు. హ్యాచ్‌బ్యాక్‌లోనూ ఎస్‌యూవీలోనూ డిక్కీకీ వెనక సీటుకూ మధ్య గోడ ఉండదు. జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత వికారం, మగత. ఎండలో ప్రయాణం వల్ల అలసటనుకుని ఇంకాస్త పడుకుంటారు. లేవరు.

అద్దాలు దించుకుంటాం కదా అని ఒక మిత్రుడు అన్నాడు. లేదన్నా, అద్దాలు దించినా ఆ పొగ లోపలికి రాదని హామీ లేదు. వెనక తలుపు తెరిచి ఉంటే గాలి ఆ పొగను లోపలికే తోసేయొచ్చు. కంపెనీ బండిలో ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య అడ్డు ఉంటుంది, పొగ దానిలోని విషాన్ని తగ్గించే కన్వర్టర్ గుండా బండి అడుగున పైపులోంచి బయటికి పోతుంది, పెట్రోలు ట్యాంకు గుద్దుకున్నా తట్టుకునేలా బిగించి ఉంటుంది. డిక్కీలో ఏముంది? వేడెక్కిన సైలెన్సర్, దాని పక్కనే పెట్రోలు క్యాను, మన ఎండలకు అందులోంచి లేచే ఆవిరి.

అన్నిటికంటే నీచమైన సలహా ఆ వైరు ముక్కది. పోర్టబుల్ జనరేటర్‌కు నేలతో సంబంధం ఉండదు కాబట్టి ఛార్జర్ ఎర్త్ లేదని గుర్తించి ఆగిపోతుంది. అది పాడై ఆగలేదు, మిమ్మల్ని కాపాడటానికి ఆగింది. దాన్ని మోసం చేయడానికి ప్లగ్గులో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపారనుకోండి. అదే ప్లగ్గు రేపు ఇంటికొచ్చాక గోడ సాకెట్‌లో పెడతారు. మన ఇళ్ళలో ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ తారుమారైన సాకెట్లు నేను రోజూ చూస్తుంటాను. అలాంటి సాకెట్‌లో ఎర్త్ కూడా సరిగ్గా లేకపోతే, ఆ ప్లగ్గు పెట్టిన క్షణం కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తుంది. పొద్దున్నే తడిచేత్తో కారు కడిగే మనిషి దాన్ని ముట్టుకుంటాడు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఇన్ని చెప్పినా వినని వాళ్ళకు ఇంకొకటి. కంపెనీ ఇచ్చిన బండిని ఇలా మార్చడం, బండ్లలో మార్పులను నియంత్రించే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి రావచ్చు. కాలిపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ తిప్పికొట్టడానికి అదొక కారణం కావచ్చు.

ఇప్పటికే ఎవరైనా ఆ వైరు ముక్క కలిపి ఉంటే ఇవాళే ఆ ప్లగ్గు తీసి, కత్తిరించి పారేయండి. ఇంట్లో ఛార్జ్ చేసేటప్పుడే ఎర్రలైటు వస్తుంటే లోపం దాదాపుగా మీ ఎర్త్ గుంటలోనే ఉంటుంది. మన నేలలో ఎండాకాలం తడి ఆరిపోతుంది, ఎర్త్ పనిచేయదు. ఉప్పూ బొగ్గూ వేసి కట్టిన గుంట అయితే వేసవిలో రోజూ బకెట్ నీళ్ళు పోయండి. అయినా లైటు పోకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ మెగ్గర్‌తో (ఎర్త్ ఎంత బాగా పనిచేస్తోందో చూపే మీటరు) కొలిపించండి, సాకెట్‌లో ఫేజు ఏ వైపు ఉందో కూడా అప్పుడే చూపించుకోండి.