మందు ఎప్పుడు కొట్టాలో కూడా రాయండి

అగ్గి తెగులు శిలీంధ్రం వరి మొక్కలోకి చేరాకే చాలా దాడి జన్యువుల్ని మేల్కొలుపుతుందని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో బాగా చెప్పారు. కానీ అంతకుముందు దశను రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆకు మీద పడిన సిద్ధబీజంలో (శిలీంధ్రం విత్తనంలాంటి కణం) పీఎంకే1 అనే జన్యువు పనిచేస్తేనే బుడగలాంటి భాగం తయారవుతుంది. దాని గోడకు మెలనిన్ అనే నల్లటి రంగు పదార్థం పట్టాక లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి 80 రెట్ల దాకా పెరిగి, శిలీంధ్రం ఆకు పైపొరను చీల్చుకుని దూరుతుంది. మనం కొట్టే ట్రైసైక్లజోల్ మందు ఆపేది ఆ మెలనిన్ తయారీనే! శిలీంధ్రం లోపలికి దూరిపోయిన చోట దానివల్ల పెద్ద లాభం ఉండదు. కానీ మా శ్రీకాకుళం వైపు చాలామంది బూడిదరంగు మధ్య, గోధుమరంగు అంచుతో నూలుకండె మచ్చలు మడంతా కనిపించాకే టెన్షన్‌తో మందుల షాపుకి పరిగెడతారు. తెగులు వెన్ను మెడకు పాకి అది విరిగే మెడవిరుపు దాకా వస్తే మిగిలేది తాలే. తర్వాతి వ్యాసంలో ఈ సంగతి వివరంగా రాయండి సార్, రైతులకు ముందు కావాల్సింది ఇదే.