అమీనా వచ్చాడు, ఆయన లేరు

విశాఖ సీతమ్మధారలో పొద్దున్న పదిన్నరకి బెల్లు మోగి, చంకలో కాగితాల కట్టతో, బాకీ దావా సమన్లు అందించే కోర్టు అమీనా కనబడగానే ఇంటాయన బాత్రూంలో దూరి కుళాయి తిప్పేస్తాడు. ఇల్లాలు "ఆయన ఊళ్లో లేరండీ, సింహాచలం వెళ్లారు" అంటుంది. సింహాచలం ఏ ఊళ్లో ఉందో అమీనాకి తెలుసు. గుమ్మంలో చెప్పులూ చూశాడు.

"పర్లేదమ్మా, మీరు పుచ్చుకోండి" అంటాడాయన. ఇంటాయన దొరక్కపోతే, ఇప్పట్లో దొరికే సూచనా లేకపోతే, ఆ ఇంట్లోనే ఉండే వయసొచ్చిన కుటుంబసభ్యులు ఎవరు తీసుకున్నా సమన్లు అందినట్టే. పనిమనిషి మాత్రం లెక్కలోకి రాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 5వ ఆర్డరు 15వ రూలు ఆ ముక్క విడమరిచి మరీ చెప్పింది. అది ఎక్కడో విన్నవాళ్లు అంట్లు తోముతున్న పిల్లచేత తలుపు తీయిస్తారు. దానికి విరుగుడు 17వ రూలు. కాగితం తీసుకోకపోతే వీధి తలుపుకి ఒక ప్రతి అంటించి, ఇల్లు చూపించిందెవరో, ఎవరి ఎదుట అంటించాడో రాసుకుపోతాడు. ఇల్లు చూపించడానికి మనుషులకి కొరవా? పై వాటా ఆయన మెట్లు దిగొచ్చి "ఇదే బావూ, ఆరిల్లే" అంటాడు. సాయంత్రానికి పాలవాడూ, కేబులువాడూ, అపార్ట్‌మెంటు కార్యదర్శీ చదివేసుంటారు. చదవనివాడు ప్రతివాది ఒక్కడే.

ఇంతకీ సంతకం పెట్టడమంటే "కాగితం అందింది" అనడమే, "బాకీ ఉన్నాను" అనడం కాదు. పక్కన తారీఖు వెయ్యండి, గడువు అక్కణ్ణించే మొదలు. అమీనాకి డబ్బులివ్వక్కర్లేదు, ఆ బత్తా వాది ముందే కోర్టులో కట్టాడు. ఎండనపడి వచ్చాడు, మజ్జిగివ్వండి.

ఆ తర్వాత చదవాలి. కోర్టు పేరు, ఓ.ఎస్. నంబరు (అంటే దావా నంబరు), వాయిదా తేదీ, సంతకం, సీలు, వెనక దావా ప్రతి ఉన్నాయా? నంబరు ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. వాట్సాప్‌లో వచ్చి యూపీఐలో డబ్బు పంపమనేది మోసం, సందేహమే లేదు. దావాలో రెండో ప్రతివాదిగా మీ పేరుంటే, "ఉత్తినే ఓ సంతకం బావా" అంటూ బావమరిది ప్రోనోటు మీద పెట్టించుకున్న హామీ గుర్తుకు రావాలి. అతణ్ణి అడక్కుండా నేరుగా మిమ్మల్నే అడిగే హక్కు అప్పిచ్చినవాడికుంది.

అందరూ వాయిదా తేదీకి గుండ్రం చుట్టి క్యాలెండరు మూసేస్తారు. జవాబు దావా వెయ్యడానికి గడువు సమన్లు అందిన నాటినుంచి 30 రోజులు. కారణం చూపిస్తే కోర్టు మొత్తం 90 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. ప్రోనోటు లాంటి బాకీలని త్వరగా తేల్చే 37వ ఆర్డరు కింద వేసిన దావా అయితే హాజరుకి 10 రోజులే. వకీలుకి ఫీజివ్వలేనివాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లాలి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితమే. ఇవేవీ చెయ్యకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు లేకుండానే తీర్పు. ఆ వెనక ఈపీ, అంటే ఆ తీర్పు అమలు చెయ్యమనే పిటిషన్.

ఈసారి అమీనా జప్తుకొస్తాడు. వంటపాత్రలు, పక్కబట్టలు, కట్టుబట్టలు, మంగళసూత్రం ముట్టుకోడు. టీవీకి ఆ భాగ్యం లేదు. జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు మీవే. అంటే 40,000 జీతగాడికి 13,000 పోవచ్చు. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా జప్తుకి ఇంట్లో అడుగుపెట్టకూడదు కదా అని కొందరు పగలంతా తాళం వేసుకు తిరుగుతారు. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి పెందలాడే లేస్తాడని మర్చిపోతారు.

చివరికి పరువు కోసం బాకీదారు పూర్ణా మార్కెట్లో అప్పులాయన్ని పట్టుకుని, నగదు చేతిలో పెట్టి, టీ తాగించి వస్తాడు. ఆ చెల్లింపు కోర్టు రికార్డుకెక్కకపోతే ఈపీ నడిపే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. రసీదు పట్టుకుని 30 రోజుల్లో పిటిషన్ వేసి నమోదు చేయించాలి. నేరుగా కోర్టులో కట్టేసి అవతలివాళ్లకి నోటీసిస్తే ఇంకా సుఖం, టీ ఖర్చు కూడా ఉండదు.