కీబోర్డు మెట్లు ప్రకృతి కొలిచి ఇచ్చినవి కావు

“కీబోర్డు మీది 12 స్వరాలూ ప్రకృతిసిద్ధమైన భిన్నాలే. స్థాయిని (స నుంచి పై స దాకా) 12గా తప్ప మరోలా విభజించలేం. ఈ పద్ధతి జర్మన్ స్వరకర్త బాఖ్ కనిపెట్టాడు. మన 22 శ్రుతులూ ఇలాంటి సమభాగాలే.” సంగీతం నేర్చుకునేవాళ్ల మధ్య తెగ తిరుగుతున్న ఈ నాలుగు మాటలూ తప్పే. వీటిని నమ్మి పిల్లలు కీబోర్డునే శ్రుతికి ప్రమాణంగా పెట్టుకుంటున్నారు, అందుకే రాస్తున్నాను.

బాఖ్ సంగతి త్వరగా తేలిపోతుంది. స్థాయిని 12 సమభాగాలు చేయడానికి కావలసిన లెక్కను చైనాలో మింగ్ వంశపు రాకుమారుడు ఝు జైయూ 1584లోనే చేశాడు. బాఖ్ పుట్టింది 1685లో.

అసలు విషయం భిన్నాలది. కంపనాల లెక్కలో షడ్జానికి (స) పంచమం (ప) 3/2 రెట్లు, ఒక స్థాయి పైనున్న షడ్జం 2 రెట్లు. పంచమానికి పంచమం పట్టుకుంటూ 12 సార్లు వెళ్తే సుమారు 129.75 రెట్ల దగ్గర ఆగుతాం. ఏడు స్థాయిలు పైనున్న షడ్జమేమో 128 రెట్లు. 3ను ఎన్నిసార్లు హెచ్చించినా 2 ఘాతం రాదు, కాబట్టి ఈ వలయం ఎన్నటికీ మూసుకోదు. స్వరాల మధ్య దూరాన్ని సెంట్లలో కొలుస్తారు. స్థాయికి 1200 సెంట్లనుకుంటే మిగిలే తేడా 23.46 సెంట్లు. దాన్ని 12 పంచమాలకూ సమంగా పంచి వలయాన్ని బలవంతంగా మూసిందే కీబోర్డు. అక్కడ పక్కపక్క మెట్ల నిష్పత్తి 2కు 12వ మూలం, అంటే దాదాపు 1.05946. అది కరణీయ సంఖ్య, అంటే భిన్నంగా రాయలేనిది. షడ్జాలను వదిలేస్తే ఏ స్వరమూ షడ్జంతో కచ్చితమైన భిన్నంలో ఉండదు.

ఇందులో పంచమానికి పోయేది 2 సెంట్లే, చెవికి అందదు. గట్టి దెబ్బ అంతర గాంధారానికి (పెద్ద గ). 5/4 గాంధారం 386 సెంట్ల దగ్గర ఉంటే కీబోర్డుది 400. శ్రుతి చక్కగా కలిసిన తంబూరాలో మంద్ర షడ్జం తీగ నుంచి ఆ 5/4 గాంధారమే తనంతట తాను పలుకుతుంది. దాని పక్కన కీబోర్డు గాంధారం వాయించండి, 14 సెంట్ల తేడా ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు.

12 ఒక్కటే దారా? కాదు. సెంట్లలో కొలిస్తే పంచమం స్థాయిలో 0.58496 వంతు. 7/12 (12 భాగాల్లో 7) దానికి దగ్గర, 31/53 ఇంకా దగ్గర. టర్కీ సంగీత శాస్త్రం స్థాయిని కోమాలనే 53 చిన్న భాగాలుగా లెక్కిస్తుంది. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1691లో 31 భాగాల గురించి రాశాడు. అందులో గాంధారం 387 సెంట్లు. రాగం కూడా చెదరదు. షడ్జం నుంచి పంచమాల గొలుసులో వచ్చే ఐదు స్వరాలను ఒకే స్థాయిలోకి దింపితే మోహనం, మధ్యమం (మ) నుంచి ఏడు స్వరాలైతే శంకరాభరణం. ఆ శంకరాభరణం అంతరాలు 12లో 2 2 1 2 2 2 1, 31లో 5 5 3 5 5 5 3. సంఖ్య మారింది, గొలుసు అదే.

ఇక 22 శ్రుతులు, అంటే మన పాత శాస్త్రం స్థాయిని విభజించిన సూక్ష్మ అంతరాలు. నాట్యశాస్త్రం ప్రకారం షడ్జ పంచమాల మధ్య 13 శ్రుతులు, ఆ రెండూ సంవాదులు, అంటే ఒకదానితో ఒకటి చక్కగా కలిసే స్వరాలు. శ్రుతులు సమానమైతే ఒక్కోటి 54.55 సెంట్లు, పంచమం 709. శుద్ధ పంచమం (3/2) 702. ఏడు సెంట్లు ఎక్కిన పంచమాన్ని తంబూరా మీద ఏ గురువూ ఒప్పుకోరు.