ఆ బోర్డు ఎవరి కోసం పెట్టారండీ?

ఇప్పుడే ఇంటికొచ్చాను. పాలు ఇంకా ఫ్రిజ్‌లో పెట్టలేదు, కొత్తిమీర కట్ట కౌంటర్ మీదే పడుంది. ముందు ఇది రాసేయకపోతే ఈ రాత్రికి నాకు అన్నం దిగదు. అచ్చుతప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఇంటికి దగ్గరలో ఒక గ్రాసరీ స్టోరు ఉంది. పేరు అనవసరం. టెక్సస్‌లో ఉంటున్నవాళ్ళకి ఈ సంత కొత్తేమీ కాదు. తలుపు పక్కనే పెద్ద బోర్డు. ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి, అంగుళం ఎత్తు అక్షరాలతో, తుపాకీ పైకి కనబడేలా పెట్టుకుని లోపలికి రాకూడదని రాసి ఉంటుంది. ఆ బోర్డు దాటుకుని లోపలికెళ్తే పెరుగు డబ్బాల దగ్గర ఒకాయన. నడుముకి తుపాకీ. అది బాగా కనబడాలని చొక్కా టక్ చేసుకుని మరీ వచ్చాడు. చేతిలో గ్రీక్ యోగర్ట్ డబ్బా పట్టుకుని కొవ్వు ఎంత శాతం ఉందో చదువుతున్నాడు. ఆరోగ్యం మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి. మా చిన్నది నా పక్కన నిలబడితే ఆ తుపాకీ పిడి సరిగ్గా దాని కళ్ళ ఎత్తులో ఉంది.

ట్రాలీ వెనక్కి తిప్పుకుని కస్టమర్ సర్వీస్ దగ్గరికి వెళ్ళాను. అక్కడ కాలేజీ పిల్ల ఒకతి. పాపం ఆ పిల్లని నేనేమీ అనను. "మేడమ్, కస్టమర్లతో వాదన పెట్టుకోవద్దని మాకు చెప్పారు, మేనేజర్‌ని పిలుస్తాను" అంది. మేనేజరు వచ్చాడు. "ఆయన ఎవర్నీ ఇబ్బంది పెట్టడం లేదు కదా" అన్నాడు. నన్ను పెడుతున్నాడు, అందుకే కదా ఇక్కడ నిలబడ్డాను అన్నాను. నవ్వాడు. మరీ భయంగా ఉంటే పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసుకోవచ్చట. స్టోరు మీది, బోర్డు మీది, ఫోన్ మాత్రం నేను చేయాలా?

సరే, వీళ్ళకి కస్టమర్లతో వాదన పెట్టుకోవడం అస్సలు రాదు అనుకుందాం. మరి మొన్న మా అత్తయ్యగారితో పెట్టుకున్నదేమిటి? ఇదే స్టోరు, ఇదే తలుపు. నేను కారు తీసుకురావడానికి పార్కింగ్‌లోకి వెళ్ళాను, ఆవిడ ట్రాలీతో గుమ్మం దగ్గర నిలబడ్డారు. ట్రాలీ కింద అరలో బియ్యం బస్తా. చీర మీద స్వెటర్, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్, చేతిలో పర్సు. తలుపు దగ్గరి మనిషి వచ్చి రసీదు చూపించమన్నాడు. రసీదు నా దగ్గర ఉంది. ఆవిడకి ఇంగ్లీషు రాదు. "కోడలు, కారు" అని చేత్తో చూపిస్తుంటే ఆ మనిషి ట్రాలీని పట్టుకుని ఆపేశాడు. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తున్నారు. నేను వచ్చేసరికి అత్తయ్యగారి ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఆ రోజంతా ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు. ఊళ్ళో హైస్కూల్ హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, బియ్యం బస్తా దొంగతనం చేస్తారా? అప్పుడు వాదన పెట్టుకోకూడదన్న రూలు ఏమైంది? అరవై దాటిన ఆడమనిషిని ఆపడానికి ధైర్యం సరిపోయింది, నడుముకి తుపాకీ ఉన్నవాడిని ఆపాలంటే పాలసీ గుర్తొచ్చింది.

అసలు ఈ బోర్డుల కథ మన ఇండియాలో వాళ్ళకి చెప్తే నమ్మరు. టెక్సస్‌లో 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు పిస్టల్ పైకి కనబడేలా పెట్టుకుని తిరగొచ్చు. 2021 సెప్టెంబర్ 1 నుంచి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు, 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం తుపాకీ ఉంచుకోవడానికి అడ్డేమీ లేకపోతే చాలు. మా షాపులోకి వద్దు అనుకునే యజమానికి హక్కు లేదా అంటే ఉంది. కానీ ఒక బోర్డుతో పని అవదు. టెక్సస్ శిక్షాస్మృతిలో ఒక్కో రకం మనిషికి ఒక్కో సెక్షన్, ఒక్కో బోర్డు: దాచుకుని వచ్చే లైసెన్సుదారుకి 30.06, పైకి చూపిస్తూ వచ్చే లైసెన్సుదారుకి 30.07, లైసెన్సే లేనివాడికి 30.05. ముందు రెండిటికీ చట్టంలో రాసిన వాక్యం రాసినట్టే ఉండాలి, రెండు భాషల్లో ఉండాలి, అక్షరాలు అంగుళానికి తగ్గకూడదు. తుపాకీ బొమ్మ మీద ఎర్ర గీత గీస్తే ఆ ఇద్దరికీ అది లెక్కలోకి రాదు. మా ఇంటికి తుపాకీతో రావద్దు అనే ఒక్క మాట చెప్పడానికి గుమ్మం నిండా శాసనాలు చెక్కించాలి.

అంత చెక్కించాక ఏమవుతుంది? 30.07 బోర్డు చూసి కూడా లోపలికి వెళ్తే మహా అయితే 200 డాలర్ల జరిమానా. మా రోడ్డు మీద స్పీడింగ్ టికెట్‌కే అంతకంటే ఎక్కువ వదులుతుంది. ఎవరైనా నోటితో "బయటికి వెళ్ళండి" అని చెప్పాక కూడా కదలకపోతేనే పెద్ద కేసు, దానికి ఏడాది దాకా జైలు. అంటే చట్టం బరువంతా ఆ నోటిమాట మీద ఉంది. ఆ మాట అనే మనిషే స్టోర్లో లేడు. అనకూడదని ట్రైనింగ్ ఇచ్చారు!

కొత్తిమీర కొనుక్కునేదానికి ఈ సెక్షన్లన్నీ నీకెందుకు అంటారేమో. ఇక్కడ పిల్లల్ని పెంచుతున్నాను కాబట్టి. ఎవడైనా తుపాకీతో బడిలోకి వస్తే ఎలా దాక్కోవాలో అని కిండర్‌గార్టెన్‌లోనే లైట్లు ఆపేసి, గోడవారగా కూర్చుని, చప్పుడు చేయకుండా ఉండటం నేర్పిస్తున్నారు కాబట్టి.

పెద్ద కంపెనీలైనా గట్టిగా ఉంటాయా అంటే అవీ అంతే. 2013లో స్టార్‌బక్స్ తుపాకులు తేవద్దని ఉత్తరం రాసింది. నిషేధం కాదండీ, విన్నపం. 2014లో ఇదే టెక్సస్‌లో కొందరు వీరులు భుజాన రైఫిళ్ళు తగిలించుకుని రెస్టారెంట్లలోకి గుంపులుగా వెళ్ళి ఫొటోలు దిగారు. అప్పట్లో పిస్టల్ పైకి పెట్టుకోవడం నేరం, రైఫిల్ పెట్టుకోవడం నేరం కాదు! దానికీ చిపోట్లే రెస్టారెంట్లవాళ్ళు, టార్గెట్ స్టోర్లవాళ్ళు విన్నపాలే చేసుకున్నారు. ఆ రైఫిల్ వేషాలు చూసి చివరికి తుపాకీ హక్కుల కోసం పోరాడే సంఘం ఎన్‌ఆర్‌ఏ వాళ్ళకే ఇది వింతగా ఉంది అనిపించి వెబ్‌సైట్లో రాశారు. కొన్ని రోజులకే అది మా మాట కాదు, ఎవరో ఉద్యోగి సొంత అభిప్రాయం అని నాలుక మడతేశారు. తుపాకుల సంఘమే తుపాకులవాళ్ళకి భయపడితే మా మేనేజరు ఎంత.

ఇక వాల్‌మార్ట్. 2019 ఆగస్టు 3న ఎల్‌పాసో వాల్‌మార్ట్‌లో బళ్ళు తెరిచే ముందు పిల్లలకి సామాన్లు కొనుక్కుంటున్న జనాన్ని కాల్చాడు ఒకడు. 23 మంది పోయారు. సరిగ్గా నెలకి వాల్‌మార్ట్ ఏమంది? ఓపెన్ క్యారీకి, అంటే తుపాకీ బాహాటంగా పెట్టుకుని తిరగడానికి, అనుమతి ఉన్న రాష్ట్రాల్లో మా స్టోర్లలోకి పైకి కనబడేలా తుపాకులు తేవద్దని గౌరవపూర్వకంగా కోరుతున్నాం అంది. సొంత షాపులో అన్ని శవాలు లేచాక కూడా గౌరవపూర్వకంగా!

ఈ మధ్యలో జరిగిన ఇంకో ముచ్చట వినండి. ఎల్‌పాసో అయిన ఐదు రోజులకే మిస్సోరీ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాడు బుల్లెట్‌ప్రూఫ్ తొడుక్కుని, రైఫిల్ వేసుకుని, ఫోన్లో వీడియో తీసుకుంటూ వాల్‌మార్ట్‌లో ట్రాలీ తోసుకుంటూ తిరిగాడు. మేనేజరు ఫైర్ అలారం లాగాడు, జనం పరిగెత్తారు. పట్టుకుని అడిగితే, వాల్‌మార్ట్ నా హక్కుని గౌరవిస్తుందో లేదో పరీక్షించానన్నాడు. ఆ పరుగెత్తిన తల్లులకి ఎలా తెలుస్తుంది నాయనా నువ్వు పరీక్ష రాస్తున్నావని? (వాడిని ఆపినది కూడా తుపాకీ ఉన్న మంచి మనిషే కదా అని కామెంట్ పెట్టడానికి కాచుక్కూర్చున్నవాళ్ళుంటారు. అవును, అతనొక ఫైర్‌మన్. ఆ రోజు డ్యూటీ లేదు, తుపాకీ ఉంది, ఆపాడు. సంతోషం. పోస్టులో మిగతాది కూడా చదవండి.)

నా ప్రశ్న అదే. పెరుగు దగ్గర నిలబడ్డవాడు యోగర్ట్ కోసం వచ్చాడా, పరీక్ష కోసం వచ్చాడా, ఇంకెందుకైనా వచ్చాడా? మొదటి తూటా పేలేవరకు ముగ్గురూ ఒకేలా ఉంటారు. మనకి ఇది దూరపు వార్తా? 2023 మే 6న డాలస్ పక్కనే ఉన్న ఆలెన్ అవుట్‌లెట్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది పోతే అందులో మన తెలుగమ్మాయి ఉంది. ఇంజనీరు. శనివారం షాపింగ్‌కి వెళ్ళింది, అంతే. మనలో ఆ అవుట్‌లెట్‌లో సేల్‌కి వెళ్ళనివాళ్ళు ఎవరు? ఆ వారం డాలస్ తెలుగువాళ్ళ ఫోన్లన్నీ ఆగకుండా మోగాయి. కొవ్వొత్తులు వెలిగించాం, డీపీలు మార్చాం. తర్వాత మళ్ళీ మామూలే.

మామూలే అంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే ఆ మేనేజరు మీదకంటే నాకు మనవాళ్ళ మీద కోపం ఎక్కువగా ఉంది. ఇందాక పార్కింగ్‌లో కూర్చుని మా కాలనీ తెలుగు గ్రూపులో ఈ సంగతి పెట్టాను. మొదటి జవాబు ఒక పెద్దమనిషిది. "అమ్మా, ఇది వాళ్ళ కల్చర్, మనం అడ్జస్ట్ అవ్వాలి." వాళ్ళ కల్చరేనా బాబాయ్‌గారూ? బోర్డు పెట్టిందీ వాళ్ళే కదా, మరి బోర్డు ఎవరి కల్చర్? రెండోది, "నచ్చకపోతే ఇండియా వెళ్ళిపోవచ్చు కదా". ఇది రాసిన కుర్రాడు హెచ్1బీ మీద ఉన్నాడు. ఆ వీసా మీద ఉన్నవాళ్ళకి తుపాకీ కొనుక్కునే హక్కు మామూలుగా ఉండదు. కానీ వేట లైసెన్సు ఉంటే కొనుక్కోవచ్చని ఒక సందు ఉంది. ఇంట్లో బొద్దింకని చంపాలంటే భార్యని పిలిచే మనిషి, జింకల వేటకి లైసెన్సు తీసుకున్నాడు! లైసెన్సు వచ్చిన వారానికే తుపాకీ కాల్చడం ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో నల్ల కళ్ళద్దాలతో ఫొటో. కింద వంద లైకులు, "బాస్", "మాస్", "జై" అని కామెంట్లు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో మన తెలంగాణ కుర్రాడు పుట్టినరోజు నాడే సొంత తుపాకీ పేలి చనిపోతే, అక్కడ కన్నీళ్ళ బొమ్మలు పెట్టిన చేతులే ఇక్కడ చప్పట్లు పెడుతున్నాయి.

ఇక నా కడుపులో పోయిన దసరా నుంచి ఉన్నది కూడా కక్కేస్తాను. ఒక అన్నయ్యగారి ఇంట్లో ఆయుధపూజ. గ్యారేజ్‌లో పీట వేసి, కొత్త కారు తాళాలు, లాప్‌టాప్‌లు, వదిన కుట్టు మిషన్, పిల్లల పుస్తకాలు పెట్టారు. వాటి మధ్యలో ఆయన పిస్టల్, పక్కనే పొడుగు రైఫిల్. వాటికి పసుపు, కుంకుమ బొట్లు, బంతిపూలు. పంతులుగారు ఒక్క క్షణం తటపటాయించి, అక్షింతలు వేసేశారు. పూజ అవ్వగానే పిల్లలంతా క్యూ కట్టారు, దాంతో ఫొటో దిగడానికి. "ఖాళీదే వదినా, కంగారు పడకు" అన్నాడు ఒకాయన నన్ను చూసి. నేను మా పిల్లల్ని లాక్కుని ఇంట్లోకి పోతే, "మీరు మరీ టెన్షన్ పడతారండీ" అని ఆడవాళ్ళు కూడా నవ్వారు.

ఆ రోజు మన పూజ దేనికండీ? జమ్మికి. ఆ జమ్మి కథ ఏమిటి? పాండవులు విరాటుడి ఊళ్ళోకి వెళ్ళేముందు ఆయుధాలన్నీ మూటగట్టి ఊరి బయట, శ్మశానం పక్కన, జమ్మిచెట్టు మీద పెట్టి వెళ్ళారు. గాండీవం చూస్తే ఎవరైనా గుర్తుపడతారని ఒక కారణం. ఇంకోటి ధర్మరాజే అంటాడు, మనం ఆయుధాలతో ఊళ్ళోకి వెళ్తే జనం బెదిరిపోతారని. బోర్డు లేదు, 30.07 లేదు, జరిమానా లేదు. అంతటి అర్జునుడు కూడా ఊళ్ళోకి వెళ్ళాలంటే గాండీవం బయట పెట్టి వెళ్ళాడు. ఆ కథ చెప్పుకునే పండగనాడే గ్యారేజ్‌లో రైఫిల్‌కి బొట్టు పెడుతున్నాం. పిల్లలకి పాలపిట్ట బొమ్మ చూపించి దండం పెట్టించే తీరిక మాత్రం ఎవరికీ లేదు.

రేపు ఇంకో స్టోరుకి మారతాను, అది నాకు పెద్ద పని కాదు. కార్పొరేట్ ఆఫీసుకి కంప్లైంట్ కూడా ఇందాకే పంపాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని మెషిన్ జవాబు అప్పుడే వచ్చేసింది, దాంతోపాటు తర్వాతి కొనుగోలు మీద ఐదు డాలర్ల కూపన్. ఐదు డాలర్లు!

ఈ ఏడాది దసరాకి కూడా ఆ అన్నయ్యగారి ఇంటి నుంచే పిలుపు వచ్చింది. తుపాకులు లాకర్‌లో ఉంటేనే వస్తామని వదినకి మెసేజ్ పెట్టాను. మా ఆయన "ఇప్పుడు ఇవన్నీ అవసరమా" అంటున్నారు. అవసరమే. యాభై మందికి పులిహోర చేస్తానని ఒప్పుకున్నది నేనే కాబట్టి ఈ సంగతి ముందే చెప్తున్నాను. లాకర్ కుదరదంటే పులిహోర వేరే ఎవరికైనా చెప్పుకోండి.