ఉరుముల మబ్బుకీ నేవీ గీతకీ మధ్య ఐదు నిమిషాలు

వైశాఖం, జ్యేష్ఠంలో మధ్యాహ్నం దాటాక పార్వతీపురం, పాలకొండ కొండల మీద మబ్బు కమ్మితే, సాయంత్రానికి అది తీరం మీదికి దిగుతుందని ఉద్దానం జీడి రైతుకు తెలుసు. పైగాలి పడమటి నుంచి తోస్తుంది కాబట్టి దాని దారి అదే. ఆ మబ్బు తల 40 వేల అడుగులు దాటడం మామూలే. ప్రయాణికుల జెట్‌లు ఎక్కువగా ఎగిరేది 33 వేల నుంచి 39 వేల అడుగుల మధ్య. కాబట్టి పైనుంచి దాటలేవు, కిందనుంచి దూరకూడదు. పక్కకు తప్పుకోవాలి. ఏ పక్కకు అన్నదగ్గరే ఉత్తరాంధ్ర తీరంలో చిక్కొస్తోంది.

భువనేశ్వర్ వైపు నుంచి తీరం వెంబడి విశాఖకు వస్తున్న విమానాన్ని తీసుకోండి. కుడిచేతి వైపు మబ్బు, ఎడమచేతి వైపు ఖాళీగా కనిపించే సముద్రం. ఎవరికైనా ఎడమకే తిప్పాలనిపిస్తుంది. కానీ మబ్బు తల గాలివాటున సాగేది ఆ వైపుకే. దాని కింద ఆకాశం తేటగా ఉన్నా వడగళ్లు విసిరేస్తుంది, కుదుపులు మైళ్ల దూరం ఉంటాయి. అందుకే వీలైతే గాలి వచ్చే వైపు నుంచి, అంటే పడమటి నుంచి, చుట్టి రావాలన్నది పైలట్ల శిక్షణలో మొదటి పాఠాల్లో ఒకటి. దిగుతున్న విమానానికి ఆ వైపు తూర్పు కనుమలు అడ్డం. అక్కడి శిఖరాలు కొన్ని 5 వేల అడుగులు దాటతాయి. ఇక సముద్రం వైపు నౌకాదళ విన్యాసాల గగనతలం. దాని గీత దాటాలంటే అనుమతి అడగాలి. విశాఖ విమానాశ్రయమే నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా. అక్కడ పౌర విమానాలూ, యుద్ధ విమానాలూ ఒకే రన్‌వే మీద దిగుతాయి.

విమానం ముక్కులో ఉండే రాడార్ చెప్పేదంతా నిజమనుకోవడం మరో ప్రమాదం. అది చూసేది నీటి చుక్కల్ని. పొడి వడగళ్లూ, మంచు పలుకులూ దానికి సరిగా కనపడవు కాబట్టి మబ్బు పైభాగం తెరమీద ఆకుపచ్చగా, అంటే బలహీనంగా, కనిపించినా లోపల ఉధృతి ఉండొచ్చు. ముందున్న జోరువాన రాడార్ తరంగాన్ని మింగేస్తే, వెనక ఉన్న మరో మబ్బు తెరమీద నల్లగా, ఖాళీ జాగాలా కనిపిస్తుంది. అలాంటి ‘ఖాళీ’లోకి దూరినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. యాంటెన్నాను ఒక డిగ్రీ వంచితే 60 మైళ్ల దూరంలో కిరణం 6 వేల అడుగులు కిందకు పోతుంది. ఈ లెక్క వేసుకుంటూ, నీటి చుక్కలుండే మబ్బు నడుముని వెతకాలి.

ఇప్పుడు కాలం లెక్క. (ఇక్కడ మైలంటే నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు.) గంటకు 480 మైళ్ల వేగమంటే నిమిషానికి 8 మైళ్లు. తీవ్రమైన మబ్బుకు కనీసం 20 మైళ్ల ఎడం పాటించాలి. 60 మైళ్ల దూరంలో మబ్బును చూసి అనుమతి అడిగితే, ఆ 20 మైళ్ల హద్దు చేరడానికి మిగిలేది 5 నిమిషాలే. ఆలోపు, కింద నుంచి విమానాలకు దారి చెప్పే పౌర కంట్రోలర్ సైనిక విభాగానికి ఫోన్ చేయాలి, వాళ్లు లోపల ఎవరున్నారో కనుక్కోవాలి, జవాబు తిరిగి కాక్‌పిట్‌కి చేరాలి. 80 మైళ్ల దగ్గరే అడిగితే 15 డిగ్రీల మలుపు చాలు. 40కి వచ్చాక 30 డిగ్రీలు తిప్పాలి. ఆలస్యమైన కొద్దీ నౌకాదళ గీత వైపు ఇంకా పదునుగా తిరగాలి.

ఈ ఆలస్యం ఎక్కడికి దారితీస్తుందో 2025 మే 21న చూశాం. ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ దగ్గర 36 వేల అడుగుల ఎత్తున మబ్బుకు ఎదురుపడింది. సరిహద్దు వైపు, ఎడమకు తిరుగుతామని అడిగితే వాయుసేన కంట్రోల్ ఒప్పుకోలేదు. లాహోర్ కూడా కాదంది. వెనక్కి తిరగబోయేసరికి మబ్బు మీదకి వచ్చేసింది. ఒక దశలో నిమిషానికి 8,500 అడుగుల వేగంతో దిగిపోయిందని పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చెప్పింది. ముక్కు పగిలినా, 220 మందికి పైగా ఉన్న ఆ విమానాన్ని సిబ్బంది క్షేమంగా దించారు. సరిహద్దులో సైన్యం కాదనడానికి బలమైన కారణాలుంటాయి. మన తీరంలో శత్రుదేశపు సరిహద్దు లేదు. అయినా రెండు వైపులా మన ప్రభుత్వమే ఉన్నచోట పైలట్‌కి అదే ‘కుదరదు’ వినపడటానికి ఆస్కారం ఉంది.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. తీరం నుంచి 12 మైళ్లు దాటాక సముద్రం మీద ఏ దేశమూ గగనతలాన్ని నిషేధించజాలదు. ‘డేంజర్ ఏరియా’ అని హెచ్చరించగలదంతే. అలాగని కాల్పులు జరుగుతుంటే చట్టం విమానాన్ని కాపాడదు. ప్రాణాపాయంలో నిబంధన దాటే హక్కు అంతర్జాతీయంగా కెప్టెన్‌కి ఉంది. కానీ ఒక అపాయం తప్పించుకోబోయి రెండోదాంట్లో పడకుండా చూడాల్సింది కింద ఉన్నవాళ్లు.

ఇప్పుడు విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి 3,800 మీటర్ల రన్‌వే కట్టారు. విమానాలు దిగే దారులూ, ఎక్కే దారులూ కొత్తగా గీయాల్సిందే. పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ. ఈ మబ్బులు ఆయనకు తెలిసినవే. అందుకే అడుగుతున్నాం: ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో, నౌకాదళ అధికారి ఒకరు పౌర కంట్రోలర్ పక్క కుర్చీలోనే కూర్చోవాలి. ఇద్దరి ముందూ మబ్బుల్ని చూపే విశాఖ డాప్లర్ వాతావరణ రాడార్ చిత్రం ఉండాలి. సముద్రం వైపు ఒక గగనతల పట్టీని, వెడల్పూ ఎత్తూ ముందే ఒప్పుకుని, ఒక్క మాటతో తెరిచేలా ఉంచాలి. కాల్పులున్న రోజున ఆ పట్టీ ఎన్ని గంటలకు మూస్తారో విమాన సంస్థలకు పొద్దున్నే చెప్పాలి. అప్పుడు విమాన సంస్థలో ప్రయాణ ప్రణాళిక వేసే డిస్పాచర్ మరో 20 నిమిషాలకు ఇంధనం వేయిస్తాడు. ఏ320 రకం విమానానికి అది సుమారు 800 కిలోలు.