ఆ రోజు మనకు రాని ప్రశ్న

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాపాపలతో పల్లెలకు తరలిపోయారు. కానీ శత్రువు ఇక్కడ దిగలేదు. జపాన్ సైనికుడికి బియ్యం అమ్మాలా వద్దా, వాళ్ల ఆఫీసులో గుమాస్తాగా చేరాలా వద్దా అన్న ప్రశ్న మన తాతలకు ఎదురుకాలేదు. అది మన అదృష్టమే తప్ప గొప్పతనం కాదు.

సరిగ్గా రెండు వారాల ముందు, మార్చి 23న, జపాన్ సేన అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది. మన హార్బర్‌లో ఓడ ఎక్కితే చేరే ఊరే అది. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు ఇప్పుడక్కడ ఎన్నో ఉన్నాయి. మూడున్నరేళ్లు ఆ ఊరివాళ్లు రోజూ ఆ ప్రశ్నతోనే బతికారు. డాక్టర్ దివాన్ సింగ్ అక్కడ ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్‌ను నడిపారు. జపాన్ వారి కనుసన్నల్లో ఉన్న సంస్థ అది. ఆ లెక్కన ఆయన ఆక్రమణదారులతో చేయి కలిపినట్టే. 1943లో ఆయన్నే గూఢచారి అంటూ పట్టుకుని, సెల్యులార్ జైల్లో చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరి 14న ప్రాణం వదిలారు. అదే నెల 30న అండమాన్‌లోనే హంఫ్రీగంజ్‌లో 44 మందిని అదే నేరం మోపి కాల్చేశారు. దెబ్బలకు తాళలేక ఒకరు పలికిన పేరు ఇంకొకరి మెడకు చుట్టుకున్న కాలమది. ద్రోహి ఎవరు? పేరు చెప్పినవాడా, కొట్టి చెప్పించినవాడా? కొట్టినవాడే అని మేము గట్టిగా నమ్ముతున్నాం.

డబ్బు కోసమో, పాత పగతోనో పక్కింటివాణ్ని పట్టిచ్చినవాడి సంగతి వేరు. వాణ్ని మేము వెనకేసుకు రాం.

యుద్ధం ముగిశాక కోపం ఎప్పుడూ బలహీనుల మీదే పడుతుంది. ఫ్రాన్స్‌లో జర్మన్లతో సంబంధం పెట్టుకున్నారని దాదాపు 20,000 మంది ఆడవాళ్లకు నడివీధిలో గుండు గీశారు. అదే జర్మన్లకు తీరం పొడవునా కాంక్రీటు కోటలు కట్టి సొమ్ము చేసుకున్న కాంట్రాక్టర్లలో చాలామందికి ఏమీ కాలేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఉక్రెయిన్‌లో అదే ప్రశ్న ఎదురవుతోంది. శత్రువుకు సహకరించడం నేరమంటూ 2022 మార్చిలో అక్కడ చట్టం తెచ్చారు. దాని పరిధి మరీ పెద్దదని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయమే ఆందోళన చెప్పింది. రష్యా సేనల కింద నీళ్లు, కరెంటు, ఆసుపత్రి ఆగకుండా చూసినవాళ్లను బోనెక్కించకూడదు. సమాచారం కోసం పౌరులను బలవంతపెట్టకూడదని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం ఆక్రమించిన సైన్యానికే చెబుతుంది. విచారణ మొదలవాల్సింది ఆ సైన్యం దగ్గరే.

ఏటా జనవరి 30న గాంధీజీ కోసం మౌనం పాటిస్తాం. వచ్చే ఏడు ఆ రోజున విశాఖ బడుల్లో హంఫ్రీగంజ్ 44 మంది గురించి కూడా పిల్లలకు చెప్పాలని టీచర్లను కోరుతున్నాం.