వెళ్ళిపోయిన పై వరస పళ్ళ వారికి

మహారాజశ్రీ నా పై వరస పళ్ళ వారి సముఖానికి,

నెల్లూరు నుంచి మీ మాజీ యజమాని రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ గానీ, ఆ 'అక్కడ' ఎక్కడో నాకు తెలియదు. ఆఖరిసారి చూసినప్పుడు పొగతోటలో ఒక పళ్ళ ఆసుపత్రిలో, స్టీలు ట్రేలో, తొమ్మిది మందీ చాప మీద అలసి పడుకున్న పెళ్ళివారిలా ఉన్నారు. తర్వాత పసుపుపచ్చ సంచిలోకి వెళ్ళారు. మనిషి ఒంట్లోంచి తీసినవి ఆ రంగు సంచిలోకే పోవాలని రూలట.

మీకంటే మీ ముందు తరానికి, అంటే నా పాలపళ్ళకు, మర్యాద బాగా జరిగింది. ఊడిన పన్నును ఊడినట్టే ఆవుపేడ ముద్దలో పెట్టి, మా అమ్మ నాచేత పెంకుటింటి మీదకు విసిరించింది. ఇప్పుడు మేముండేది అపార్టుమెంటు. కప్పు అసోసియేషన్ వారిది. పేడముద్ద విసిరితే నోటీసు వస్తుంది.

అసలు మీ వంశం రాకే పేచీతో మొదలైంది. పసిపిల్లలకు కింది పళ్ళు ముందు రావాలి. నాకు పైవి ముందొచ్చాయి. పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమని మనవైపు ముసలమ్మ నుంచి పసిపాప దాకా అందరికీ తెలుసు. మా కావలి మామకు అప్పుడు 23 ఏళ్ళు, పెళ్ళి కూడా కాలేదు. శాంతి చేయించాక కూడా ఏడాది పాటు సైకిలెక్కలేదట, బావి గట్టు మీద కూర్చోలేదట. ఇప్పుడాయనకు 84. నోట్లో 28 పళ్ళు, అన్నీ సొంతవే. ఇప్పటికీ చెరుకు ముక్క పంటితోనే చీలుస్తాడు. గండం చిరునామా తప్పి, 61 ఏళ్ళు తిరిగి తిరిగి, ఈ ఏడు సంక్రాంతి ముందు నా నోటికొచ్చింది.

నేను మీకేం తక్కువ చేశానని నిలదీయబోయి ఆగాను. తక్కువే చేశాను. రోజుకో పూట, ఒక్క నిమిషం, అదీ పేపరు చదువుతూ. చిగుళ్ళలోంచి రక్తం వస్తే బ్రష్షు గట్టిదని బ్రష్షు మార్చాను. గార పడితే టీ వల్లేనని టీపొడి మార్చాను. స్కూలు వెనక చింతచెట్టు కింద రోజుకు ఆరు సిగరెట్లు, ముప్ఫై ఏళ్ళు. యాభయ్యో ఏట వచ్చిన షుగరును చుట్టం లాగే చూసుకున్నాను, పొమ్మనలేదు. కనిగిరి వైపు వాళ్ళకైతే ఫ్లోరైడు నీళ్ళున్నాయి. పళ్ళ మీది ఆ గోధుమ చారలు వాళ్ళ తప్పు కాదు, ఎముకల దాకా పోయిన కష్టం. నాకు ఆ సాకు కూడా లేదు. పెన్న నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి.

అయినా మీ మీద నాకో ఫిర్యాదు ఉంది. మీరు నొప్పి పెట్టలేదు. ఒక్క రాత్రి సరిగ్గా సలిపి ఉంటే పొద్దున్నే పరిగెత్తి ఉండేవాణ్ణి. చిగుళ్ళ జబ్బు మిమ్మల్ని పట్టుకున్న ఎముకను చప్పుడు చేయకుండా తినేస్తుంటే మీరు నోరు మెదపలేదు. నేనేమో తెల్లగా మెరిపిస్తానన్న పేస్టు కొన్నాను. పునాది కుంగుతున్న ఇంటికి సున్నం కొట్టించినట్టు.

44వ ఏట కుడివైపు దవడపన్ను మొదట వెళ్ళింది. ఒక్కటే గదా అని ఊరుకున్నాను. పక్కది ఆ ఖాళీలోకి ఒరిగింది, ఖాళీ స్థలం కనిపిస్తే ప్రహరీ జరిపే పొరుగువాడిలా. తర్వాత ఎడమవైపు రెండు. ఆ తర్వాత ముందువైపు మూడు పళ్ళకు ఒక బ్రిడ్జి కట్టించాను. అది ఎక్కడ కూలిందో గుర్తుందా? ఇనుప గుగ్గిళ్ళు నమిలినప్పుడు కాదు. మా తోడల్లుడి కూతురి పెళ్ళిలో, మలై కాజా దగ్గర. మీగడ పెట్టిన మెత్తటి మలై కాజా! కొరికాను. కాజా సగం నా చేతిలో ఉంది, అందులో నా మూడు పళ్ళూ దిగబడి ఉన్నాయి. పక్కనున్న పెద్దాయన చూసి, "జీడిపప్పు బాగానే వేశారే" అన్నాడు.

తెలుగు అయ్యవారినన్న కనికరమైనా లేదు మీకు. నాలుక పోయి పై పళ్ళ వెనక తగిలితే పుట్టేవి దంత్యాలు, త థ ద ధ న, అని 33 ఏళ్ళు బోర్డు మీద రాశాను. ఆత్మకూరులో చెప్పాను, కోవూరులో చెప్పాను, బుచ్చిరెడ్డిపాళెంలో చెప్పాను. రిటైరయ్యే సంవత్సరం నాలుక అలవాటుగా పోయి తగిలితే మీరు ఊగారు. 'ధృతరాష్ట్రుడు' అనగానే ముందు పన్నొకటి నాలుకతోపాటు బయటికి తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయింది. తొమ్మిదో తరగతి మొత్తం ఆ మాట మళ్ళీ చెప్పమని అడిగింది. నా సర్వీసులో పిల్లలు మళ్ళీ చెప్పమన్న పాఠం అదొక్కటే.

ఇక పొగతోట సంగతి. పొగ మానెయ్యమని పొగతోటలోనే చెప్పించుకోవడం నెల్లూరు వాళ్ళకే రాసిపెట్టి ఉంది. డాక్టరమ్మకు మా అమ్మాయి వయసుంటుంది. మిమ్మల్ని ఒక్కొక్కరినీ చిన్న కడ్డీతో పలకరించి, "అంకుల్, పైవి ఒక్కటీ నిలబడవు. కిందివి శుభ్రం చేస్తే కాపాడుకోవచ్చు" అంది. మీరు తలూపారు. ఊపడం ఎలాగూ మీకు అలవాటే.

తీసి పెట్టుకునే సెట్టు చవకలో అయిపోతుంది. కానీ అది అంగిలినంతా మూసేస్తుంది. మా బావమరిది సెట్టు నాకు తెలుసు. రాత్రిపూట గాజు గ్లాసులోంచి నవ్వుతుంటుంది, పగలు ఆయన తుమ్మితే ఆయనకంటే ముందు బయటికొస్తుంది. బొమ్మిడాయిల పులుసు అంగిలికి తగలకపోతే ఇక నెల్లూరులో ఉండి ఏం లాభం? కదలనివే కావాలన్నాను. ఆ అమ్మాయి కాగితం మీద 3,80,000 అని రాసింది. మా ఆవిడ దాన్ని సవర్లలోకి మార్చి లెక్కేసింది. ఎన్ని సవర్లో నాకు చెప్పలేదు, నోరు చూస్తూ కూర్చుంది.

పద్ధతి మాత్రం మన పందిరే. పై దవడ ఎముకలో నాలుగు టైటానియం గుంజలు పాతి, వాటి మీద 12 పళ్ళ పందిరి బిగిస్తారు. కొందరికి ఆరు గుంజలు కూడా కావాలట. పోర్చుగల్‌లో పావులో మాలో అనే డాక్టరు 1990లలో ఈ నాలుగు గుంజల పద్ధతి నడిపించాడు. ముందు రెండూ నిటారుగా, వెనక రెండూ ఏటవాలుగా, 30 నుంచి 45 డిగ్రీలు. ఎందుకంటే దవడ పైన, ముక్కుకు అటూ ఇటూ, ఒక్కో గాలి గది ఉంది. మీలో వెనకవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు గదా, ఆ ఖాళీలో ఎముక తరిగి, పై గది కిందికి దిగింది. నిలువుగా పాతితే గుంజ గదిలోకి పోతుంది. అందుకని వాలుగా, ఎముక ఉన్నచోటికి మళ్ళిస్తారు. స్కాన్‌లో నా దవడ చూపించి ఆ అమ్మాయి ఇదంతా చెబుతుంటే, ఇంట్లో నాకు తెలియకుండా జరిగిన పంపకాల కాగితాలు చూస్తున్నట్టుంది.

ముందు షుగరు దించమంది. మూడు నెలల సగటు ఏడు లోపలికి వచ్చేదాకా కుర్చీ ఎక్కించనంది. సిగరెట్టు ఆ రోజే పోయింది. మీ కోసం మాననివాణ్ణి మీ తర్వాత వచ్చేవాళ్ళ కోసం మానాను. మీకు బాధగానే ఉంటుంది.

టైటానియం ఎముకకు అతుక్కుంటుందన్నది ఎలా తెలిసిందని అడిగాను. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే డాక్టరు, 1952లో, కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టి ఏదో పరిశోధన చేసుకుంటున్నాడట. పని అయ్యాక తీద్దామంటే రాలేదు. ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు. ఇదంతా ఫోనులో మామకు చెబితే ఒక్కటే అడిగాడు: "ఇంతకీ ఆ కుందేలుకు కాళ్ళు మూడా, నాలుగా?"

ఆ రోజు సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మీరూ అక్కడే ఉన్నారు. సూది మందు ఇచ్చారు, నొప్పి లేదు, చప్పుడు మాత్రం ఉంది. ఎనిమిది మంది పిలవగానే వచ్చేశారు. వేరు పట్టు లేని కొత్తిమీర కట్టలా. ఇన్నేళ్ళూ నన్ను పట్టుకుని ఉన్నది మీరా, మిమ్మల్ని పట్టుకుని ఉన్నది నా గారా అన్న అనుమానం అప్పుడే వచ్చింది. ఒక్క ఎడమ కోరపన్ను మాత్రం రానంది. నోట్లో అన్నిటికన్నా పొడుగు వేరు కోరపంటిదే. డాక్టరమ్మ అటు తిప్పింది, ఇటు తిప్పింది, నుదుటి చెమట నర్సు చేత తుడిపించుకుంది. చివరికి వచ్చేటప్పుడు అది చేసిన చప్పుడు నా పుర్రె మొత్తానికి వినబడింది. ఈ ఉత్తరంలో ఉన్న ఎత్తిపొడుపులేవీ ఆ ఒక్కదానికి వర్తించవు. దానికి నా నమస్కారం.

తర్వాత గుంజలు. ఒక్కోటీ బిగించి, చిన్న రెంచీతో కొలిచి, "35 న్యూటన్ సెంటీమీటర్లు దాటింది" అని నర్సుకు చెప్పింది. ఆ మాత్రం బిగువుంటే వెంటనే తాత్కాలికం పళ్ళు పెట్టుకోవచ్చట, లేకపోతే నెలలు బోసినోటితో ఆగాలి. పంటి బిగువు అనేది వట్టి నుడికారమని పిల్లలకు చెప్పాను ఇన్నాళ్ళూ. దానికి కొలత కూడా ఉంది.

మర్నాడు సాయంత్రానికి ప్లాస్టిక్ పళ్ళు బిగించారు. చూడ్డానికి బ్రహ్మాండం, కొరకడానికి నిషేధం. ఎముక గుంజను పట్టుకునేదాకా నాలుగు నెలలు మెత్తటి తిండే. ఇంట్లో అరిసెలు, మురుకులు. నాకు రాగి జావ. 'స' పలికితే ఈల వచ్చేది. ఒకరోజు పొద్దున్నే దేవుడి గదిలో 'సరస్వతీ' అన్నాను, మా ఆవిడ వంటింట్లోకి పరిగెత్తి కుక్కరు కట్టేసి వచ్చింది. అద్దం ముందు నిలబడి గుణింతం చదువుకున్నాను, సా సి సీ సు సూ అని. 61 ఏళ్ళకు మళ్ళీ ఒకటో తరగతి.

మే నెలలో అసలువి వచ్చాయి. జిర్కోనియా అనే గట్టి పింగాణీ రకం, 12 పళ్ళూ ఒకటే ముక్క. స్క్రూలతో బిగించి, స్క్రూ తలల మీద తెల్లటి టేపు కుక్కి, పైన సిమెంటులాంటిది పూశారు. ఆ టేపు ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. పంపు మరకు ప్లంబరు చుట్టే టెఫ్లాన్ టేపు! "లీకేజీ ఉండదు గదమ్మా" అన్నాను. నవ్వింది. నవ్వాక, పందిరికీ చిగురుకూ మధ్య సందులో ఏదీ నిలవ ఉండకూడదని, లేకపోతే మీ జబ్బే గుంజలకూ వస్తుందని చెప్పింది. ఇప్పుడు రెండు పూటలా నీళ్ళు చిమ్మే మిషను, మెత్తటి దారం, సీసాలు కడిగే బ్రష్షుకు మనవరాల్లాంటి బుల్లి బ్రష్షు. ఇరవై నిమిషాలు. మీకు ఒక్క నిమిషం ఇచ్చినవాణ్ణి, పుచ్చడమే తెలియని వీటికి ఇరవై ఇస్తున్నాను. పేపరు తర్వాత చదువుకుంటున్నాను.

వీటి గొప్పలే రాశాననుకోకండి. మొన్న మామిడికాయ వేసిన చేపల పులుసు చేసింది మా ఆవిడ. ముందురోజు చేసి, మర్నాడు పెట్టింది, అలాగే తినాలి గనక. రుచి అంగిలికి తగిలింది. ఆ సంతోషంలో పెద్ద ముద్ద పెట్టుకున్నాను. అన్నంలో రాయి. కింది పన్ను కెవ్వుమంది. పైన ఉలుకూ లేదు, పలుకూ లేదు. మీకూ ఎముకకూ మధ్య సన్నటి నార పొర ఉండేదట, ఇది రాయి, ఇది గింజ అని కబురు మోసేది అదేనట. వీటికి ఆ నార లేదు, నేరుగా ఎముకకే అతుక్కున్నాయి. రాయి పిండైంది. ఆ చప్పుడు హాల్లో ఉన్న మా అమ్మాయికి వినబడింది. మీరుంటే రాయి తగలగానే ఆగేవారు. ఊగుతూనే, చీము పట్టి కూడా, ఆగేవారు. ఆ ఒక్క పూట మీరు గుర్తొచ్చారు. అందుకే ఈ ఉత్తరం.

నిన్న మామ కావలి నుంచి వచ్చాడు, చూసిపోదామని. నోరు తెరవమన్నాడు. గోటితో టక్ టక్ మని కొట్టి చూశాడు. "గట్టిగానే ఉండాయి అబ్బయా" అన్నాడు. కిందివి చూశాడు, పాతవే. మళ్ళీ పైకి చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఏంది అబ్బయా, ఈసారి గూడా పైవే ముందొచ్చినాయే?"

సాయంత్రం బస్టాండు దాకా బైకు మీద దించుతానంటే వద్దన్నాడు. బస్సు కూడా వద్దట. రైలుకు పోతానన్నాడు, అదీ పగటిపూట బండికి.

ఇట్లు,
మీ మాజీ యజమాని